మిరపకు దూది కాసిన నివేదిక

అప్పుడే యంత్రంలోంచి వెలువడిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. ఇస్త్రీ పెట్టెను కాస్త ఎక్కువసేపు ఆనించిన నూలుబట్ట వాసన లాంటిది. గుంటూరులో మిరప వచ్చే రోజుల్లో ఆ వాసన ఒంటరిగా ఉండదు. యార్డుకు వెళ్ళే లారీల మీది బస్తాల ఘాటు వీధివీధికీ పాకి దుకాణాల్లోకి కూడా చొరబడుతుంది. మొన్న బ్రాడీపేటలో ఒక డీటీపీ దుకాణం మెట్ల మీద నిలబడి, వేడి తగ్గని కాగితాల కట్టను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ రెండు వాసనలూ కలిసి నా ముక్కుకు తగిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు వల్లనే అనుకొని తుడుచుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకొని పై కాగితం చదవడం మొదలుపెట్టిన తర్వాత ఆ నీళ్ళ సంగతే మరిచిపోయాను. అంత కోపం వచ్చింది.

అది షేక్ నాగూర్‌బీ గారి సంతాప పత్రం. పంటనష్టాల మీద విచారణ జరిపే ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆమె ఒకప్పుడు సూపరింటెండెంటు. నేను ఆమె కింద టైపిస్టుగా చేరి, ఆమె నేర్పిన పనితోనే ఆ కుర్చీ దాకా ఎదిగి, పదవీ విరమణ చేసినవాణ్ణి. తాడేపల్లిలో తన చెల్లెలి ఇంట్లో ఆమె కన్నుమూశారని తెలిసి మా విశ్రాంత ఉద్యోగుల సంఘం సంతాప సభ ఏర్పాటు చేసింది. సభలో పంచడానికి ఒక పత్రం వేయించింది. "మీ దారిలోనే గదా శేషగిరి గారూ, ఆ కట్ట కాస్త తెచ్చిపెట్టండి" అని సంఘం కార్యదర్శి సుబ్బారావు గారు ఫోను చేస్తే వెళ్ళాను. చుట్టూ గులాబీల అంచు, నడుమ ఆమె ఫొటో, దాని కింద లావుపాటి అక్షరాలతో ఈ వాక్యాలు ఉన్నాయి: "మృదుభాషిణి. శాంతమూర్తి. చెరగని చిరునవ్వే ఆమెకు ఆభరణం. ఉద్యోగ జీవితం మొత్తంలో ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగరు."

వేరే ఎవరిదో కాగితం ఇచ్చారేమోనని ఫొటో మళ్ళీ చూశాను. ఆమే. తల మీదుగా కొంగు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఫొటో తీస్తున్నవాణ్ణి కూడా తప్పు పట్టబోతున్నట్టున్న ఆ చూపు. అప్పుడు ఆమె నేర్పిన పద్ధతి ప్రకారం కాగితం అడుగు చూశాను. అక్కడ, పుట సంఖ్య పక్కన, చిన్న అక్షరాల్లో 'కీర్తిశేషులు వెంకటరత్నం గారి సంతాప సభ' అని ఉంది. వెంకటరత్నం గారు మా సంఘం సభ్యులే. నిరుడు పోయారు. ఆయన నిజంగానే శాంతమూర్తి.

"ఏమ్మా, ఈ మాటలు ఎవరు రాశారు?" అని దుకాణం నడిపే అమ్మాయిని అడిగాను.

"రాయడానికేముందండీ, సుబ్బారావు సార్ పాత ఫైలు వాట్సాప్‌లో పంపారు. పేరు మార్చి, ఆయన అన్నచోట ఆమె అని చేసి, ఫొటో పెట్టమన్నారు. పెట్టేశాను. ఏమండీ, గులాబీలు నచ్చలేదా? మల్లెపూల బోర్డరు కూడా ఉంది."

"పూల సంగతి కాదు. అడుగున ఎవరి పేరుందో చూడు."

ఆమె వంగి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఫుటర్ మర్చిపోయా. ఒక్క నిమిషం కూర్చోండి, మార్చేస్తా."

"మార్చవద్దు," అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటె పెద్దగా వచ్చింది. పక్కన ఆధార్ జిరాక్సు కోసం నిలబడిన మనిషి తిరిగి చూశాడు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చెప్పిన పని చేసింది. కానీ ఒక మనిషి బతుకంతా పోరాడిన తప్పునే తీసుకొచ్చి ఆమె శవం మీద కప్పినట్టు ఉన్న ఆ పత్రాన్ని సభలో పంచనివ్వకూడదనుకొని మెట్లు దిగాను.

నాగూర్‌బీ గారిని ఎరగని పాఠకులకు ఆ తప్పు ఏమిటో చెప్పాలంటే మొదట ఆమె కోపం గురించి చెప్పాలి. మా కార్యాలయంలో ఆమె నవ్వగా చూసినవారు తక్కువ. తిట్టగా విననివారు లేరు. వేటపాలెం దగ్గర పుట్టారు. వాళ్ళది నూర్‌బాషాల కుటుంబం. తండ్రి దూది ఏకే విల్లును భుజాన వేసుకొని ఊరూరూ తిరిగి పరుపులు కుట్టినవాడు. తండ్రి పని పద్ధతే కూతురికి వచ్చిందని నాకు తర్వాత అర్థమైంది. దూదిలో చిన్న ఉండ ఉన్నా ఆయన పరుపు మళ్ళీ విప్పేవాడట. ఈమె కాగితంలో చిన్న ఉండ ఉన్నా సంతకం పెట్టేవారు కారు. మా కార్యాలయానికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో దానికి బొట్టు పెట్టి, దండ వేసి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఎవరూ ముట్టుకోకుండా కాపాడుకున్నాం. ఒకరోజు ఆమె వచ్చి ఆ గుడ్డ లాగి అవతల పారేశారు. "బొట్టు పెట్టారు, బాగుంది. ఇక దానికేదైనా పని చెప్పండి. ఊరికే కూర్చోబెట్టి మేపడానికి అదేమన్నా కొత్తల్లుడా?" అన్నారు. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. మాకంటె ముందు ఆమే నేర్చుకున్నారు.

నాకు టైపులో మంచి పేరుండేది. హయ్యర్ పరీక్షలో మొదటి తరగతి. అందుచేత కంప్యూటర్ మీద కూడా టైపు మిషను మీద కొట్టినట్టే కొట్టాను. నష్టపోయిన రైతుల జాబితా ఒకటి తయారు చేయమంటే, ఎడమ పక్క పేర్లు, కుడి పక్క ఎకరాలు వరుసగా కనిపించేలా నడుమ ఖాళీ మీటను నొక్కుకుంటూ పోయాను. తెర మీద చూస్తే గీత గీసినట్టు ఉంది. ఆమె నా వెనక నిలబడి, దాగి ఉన్న గుర్తులను చూపించే బొత్తాం నొక్కారు. నేను కొట్టిన ప్రతి ఖాళీ ఒక చుక్కై తెరంతా నిండిపోయింది.

"ఏందయ్యా ఇది? మిరప నారు పోశావా?"

"వరుస కుదరడం కోసమండీ. కుదిరింది గదండీ."

"కుదిరిందా? చూడు మరి." ఆమె అక్షరాల పరిమాణాన్ని ఒక్క మెట్టు పెంచారు. అంతే. వరుస మొత్తం చెదిరిపోయింది. ఎకరాల అంకె ఒకటి చోటు చాలక కింది వరుసలోకి జారింది. అక్కడినుంచి ప్రతి రైతు పేరుకెదురుగా పై రైతు పొలం వచ్చి కూర్చుంది. కౌలుకు చిన్న చెక్క దున్నుకునేవాడు పెద్ద ఆసామి అయ్యాడు. అసలు ఆసామి పేరుకెదురుగా ఖాళీ మిగిలింది.

"మా నాయన పరుపులు కుట్టేవాడు," అన్నారు ఆమె. ఆ రోజుల్లో తన ఇంటి మాట ఎప్పుడూ ఎత్తేవారు కారు గనుక నేను తలెత్తి చూశాను. "ఆయన్ని చూసి కొందరు కుట్టేవాళ్ళు. దూది తక్కువైతే మూలల్లో పాత గుడ్డలు కుక్కి పైన నున్నగా కుట్టేసేవాళ్ళు. కొనేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. పడుకున్నవాడికి తెలుస్తుంది నడుం కింద ఏముందో. నువ్వు కుక్కినవి గుడ్డలయ్యా శేషగిరీ. ఈ కాగితం మీద పడుకునేది నువ్వూ నేనూ కాదు. ఆ రైతు." తర్వాత ట్యాబ్ ఎట్లా పెట్టాలో, పట్టిక ఎట్లా గీయాలో, కొత్త పుట కావాలంటే ఎంటర్ మీటను అదేపనిగా నొక్కకుండా పుటను ఎట్లా విరవాలో చూపించారు. చూపిస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నారు. నేను నేర్చుకున్నది ఆ తిట్లతో పాటే గట్టిగా నాటుకుంది.

ఆమెకు మరొక అలవాటుండేది. ఏ కాగితం వచ్చినా అందరూ పైనుంచి చదివితే ఆమె అడుగునుంచి చూసేవారు. పుట అడుగున ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ ఫైలు సంఖ్య ఉందో చూసి, తర్వాత పుట నెత్తిన ఉన్నది చూసి, ఆ రెండూ కుదిరితేనే నడిమి భాగంలోకి దిగేవారు. "మొహం అందరూ కడుగుతారు. కాళ్ళు కడిగారో లేదో చూడు. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి ఇచ్చేవాడు మొహం మార్చుతాడు గానీ కాళ్ళు మరిచిపోతాడు," అనేవారు. పాత ఫైలు తెరిచి పని చేయడమంటే ఆమెకు ఒళ్ళు మంట. "ఊరు కొత్తది, మనిషి కొత్త, కష్టం కొత్తది. కాగితం మాత్రం పాతదా? కొత్త కాగితం తెరువు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఆ పట్టుదల చాదస్తమని మేమంతా వెనక చాటున నవ్వుకున్న రోజులున్నాయి. అది చాదస్తం కాదని తెలిసిన సంవత్సరం మిరప రైతులకు చెడ్డ ఏడు. ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలల్లో మొక్క ఏపుగా, నడుము దాటి పెరిగింది. పూత వచ్చింది, రాలింది. కాయ నిలవలేదు. అమ్మిన విత్తనమే నకిలీదని రైతులు మా కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నారు. విచారణ జరిపి నివేదిక రాయవలసిన అధికారి కొత్తగా వచ్చిన యువకుడు. చురుకైనవాడు, కంప్యూటర్ మీద వేళ్ళు పరుగెత్తించేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన నివేదిక చేత్తో పట్టుకొని నాగూర్‌బీ గారి బల్ల దగ్గరికి వచ్చాడు. అరగంటలో తయారు చేశానని గర్వంగా చెప్పాడు. పక్క బల్ల దగ్గర నేనున్నాను.

ఆమె అలవాటు ప్రకారం అడుగు చూశారు. "సార్, ఈ మిరపపాడు ఏ మండలంలో ఉందండీ?"

"మిరపపాడు ఏంటి మేడమ్?"

"నాకూ తెలియకే అడుగుతున్నా. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నా. ఆ ఊరు మాత్రం చూడలా."

ఆయన కాగితం లాక్కొని చూసి ఫక్కున నవ్వాడు. "ఓ, అదా! నిరుటి ప్రత్తి రిపోర్టు ఉంది గదా, దాన్ని తెరిచి, ప్రత్తి అన్నచోటల్లా మిరప పెట్టమన్నాను. ఊరి పేరులో ప్రత్తిని కూడా వదల్లేదు చూశారా! భలే మిషను."

"భలే మిషనే. ఊరి పేరు అట్టా ఉంచండి. రెండో పేజీ చదవండి సార్. మీరు చదువుతారా, నన్ను చదవమంటారా?" ఆయన చదవలేదు. ఆమె చదివారు. "'అకాల వర్షముల వలన మిరప కాయలు పగిలి, తడిసిన దూది రంగు మారి నేల రాలినది.' మిరపచెట్టుకు దూది కాసింది సార్. ఈ కళ్ళతో ఇంకెన్ని చూడాలో."

"చిన్న ఫార్మాటింగ్ తప్పు మేడమ్. సరిచేసి పంపించండి. ఎవరు చదువుతారండీ ఇదంతా? పైవాళ్ళు చివరి పేరా చూస్తారు."

"చివరి పేరా నేనూ చూశా." ఆమె గొంతు అప్పుడు పెరిగింది. పక్క గదిలోని టైపు చప్పుడు ఆగిపోయింది. "'రైతులు సకాలంలో మందు పిచికారీ చేయనందున నష్టము సంభవించినది' అని ఉంది. అది నిరుటి పురుగు. నిరుటి రైతులు. వీళ్ళకు పురుగు రాలేదు సార్. వీళ్ళకు వచ్చింది దొంగ విత్తనం. మీరు చేలోకి పోయారా?"

"జీపు లేదు గదండీ."

"జీపు లేకపోతే బస్సుంది. బస్సు లేకపోతే కాళ్ళున్నాయి. చేలోకి పోకుండా ఈ కాగితం మీద నా సంతకం పడదు."

పడలేదు. ఆమె సంతకం లేకుండానే, ఊరి పేరు ఒక్కటి సరిచేసుకొని, ఆయన నివేదికను పైకి పంపాడు. అక్కడ దాన్ని ఎవరైనా చదివి ఉంటే తిరిగి వచ్చేది. రాలేదు. మిరపకు కాసిన దూది ఒక బల్ల మీదినుంచి ఇంకొక బల్ల మీదికి, అక్కడినుంచి మరొక బల్ల మీదికి నడిచిపోయింది. ప్రతి బల్ల దగ్గరా ఒక సంతకం పడింది. చివరికి ఉత్తర్వు వచ్చింది: రైతుల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగింది గనుక సహాయానికి వారు అర్హులు కారు. అక్షరాలు చక్కగా ఉన్నాయి. అంచులు రెండు పక్కలా కత్తితో కోసినట్టు సమంగా ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా రెండు పక్కలా సమంగా సర్దిన పుట చూస్తే నాకు ఆ ఉత్తర్వు గుర్తుకు వస్తుంది. చూపును మోసం చేయడానికి అంతకంటె మంచి ఉపాయం లేదు.

రైతులు కార్యాలయానికి వచ్చారు. వాళ్ళ ముందు నిలబడి మాట్లాడింది అంకమ్మ అనే ఆమె. భర్తకు ఆరోగ్యం సరిగా లేక సేద్యం తానే చూసుకునేది. నివేదిక ప్రతి ఒకటి తమకు ఇవ్వమని అడిగింది. అర్జీదారులకు ప్రతి ఇవ్వడం నిబంధనే గనుక నాగూర్‌బీ గారు ప్రతి తీయించారు. తీయించి, చేతికి ఇవ్వకుండా, వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "చదువు రానివాళ్ళున్నారు గదా. నేను చదువుతా, వినండి," అన్నారు.

ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తిట్టడానికి వాడే గొంతే, కానీ ఒక్క తిట్టు లేదు. కామా దగ్గర ఆగుతూ, పేరా మారినప్పుడు 'కొత్త పేరా' అని చెబుతూ చదివారు. దూది దగ్గరికి వచ్చేసరికి జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏందమ్మా, మళ్ళీ చదువు?" అంది అంకమ్మ.

మళ్ళీ చదివారు.

"ఓసినీ! మా చేలో దూది కాసిందా? నాకు చెప్పలేదేందయ్యా ఎవరూ! కాసుంటే మా ఆయనకో పరుపు కుట్టించేదాన్ని గదా, నేల మీద పడుకొని నడుం పోతా ఉంది మనిషికి!"

వరండా అంతా నవ్వు. ఒకడు "ఒరేయ్, వచ్చే ఏడు ప్రత్తి వేద్దాంరా, కారం కాస్తుంది" అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. నాగూర్‌బీ గారు నవ్వలేదు. ఆగి, నవ్వు తగ్గిన తర్వాత, చివరి పేరా చదివారు. రైతులు మందు కొట్టలేదు గనుక నష్టపోయారన్న పేరా.

"మందు కొట్టలేదా మేము?" అంది అంకమ్మ నెమ్మదిగా. తర్వాత నెమ్మది పోయింది. "ఎవడు చూశాడయ్యా? ఎవడొచ్చాడు మా చేలోకి? ఏ గట్టు మీద నిలబడ్డాడు? రమ్మను బయటికి, మొహం చూస్తాం!"

వాళ్ళు వరండాలోనే కూర్చున్నారు. ఆ అధికారి వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడు. చివరికి మళ్ళీ విచారణ జరపమని పైనుంచి మాట వచ్చింది. నాగూర్‌బీ గారు నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కారు. అంకమ్మ చేలో మొక్కల నడుమ కొంగు నడుముకు చుట్టి, ప్రతి వరుసా నడిచారు. పూత రాలిన తొడిమలు చేత్తో తడిమి చూశారు. విత్తనం సంచులు ఎక్కడ కొన్నారో, ఎప్పుడు నాటారో, ఎన్నిసార్లు మందు కొట్టారో ఒక్కొక్కరినీ అడిగారు. కోపంగానే అడిగారు. ఒక రైతు జ్ఞాపకం లేదంటే "నీ పొలం సంగతి నీకు గుర్తు లేకపోతే నా కంప్యూటర్‌కు గుర్తుంటుందా?" అని కసిరారు. తిరిగి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నారు. "కొత్త కాగితం తెరువు," అన్నారు. తెరిచాను. మొదట పుట అడుగున ఊరి పేరు కొట్టించారు. ప్రత్తిపాడు అన్న మాట అక్షరం అక్షరం చెప్పించుకొని, తెర మీద వేలు పెట్టి చూశాకే పైకి వెళ్ళనిచ్చారు.

సహాయం అందింది. కానీ అందవలసిన కాలంలో అందలేదు. ఒక చెత్త కాగితం రద్దయ్యేసరికి, కొత్త కాగితం వెళ్ళేసరికి ఏడాది గడిచిపోయింది. ఆ లోపల అంకమ్మ పొలాన్ని కౌలుకు ఇచ్చేసింది. సొంత చేలో కాయ కోయవలసిన మనిషి గుంటూరు వచ్చి, ఒక కోల్డ్ స్టోరేజి దగ్గర ఆడకూలీల వరుసలో కూర్చొని, పరాయివాళ్ళ కాయలకు తొడిమలు తీసింది. నాగూర్‌బీ గారు ఆమెను అక్కడే చూశారట. "నన్ను చూసి నవ్విందయ్యా, 'ఏం మేడమ్, ఈ కాయల్లో దూది లేదు చూడండి' అంది," అని నాకు చెప్పి, బల్ల మీద చేత్తో ఒక్కటి చరిచారు. చేతి గాజు ఒకటి పగిలింది. చిన్న ఫార్మాటింగ్ తప్పు అన్నాడు ఆ పెద్దమనిషి. ఆయనకు తర్వాత పదోన్నతి వచ్చింది. నాగూర్‌బీ గారికి బదిలీ వచ్చింది. "సొంత ఊరి దగ్గరికే వేశాం గదా, సంతోషించండి" అని పైవాళ్ళు హాస్యమాడారు. ఆమె సంతోషించలేదు, బతిమాలలేదు, తన బల్ల సొరుగులు శుభ్రం చేసుకొని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నా తెర మీద ఉన్న కాగితం అడుగు చూసి, "సంవత్సరం మార్చు" అన్నారు. వీడ్కోలు అంతే.

పదవీ విరమణ తర్వాత ఆమె తాడేపల్లిలో చెల్లెలు మస్తాన్‌బీ గారి ఇంట్లో ఉండేవారు. వీలైనప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె ఏదో ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి అప్పుడే ఇంటికి వచ్చారు. మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నారు. మనిషి సగమయ్యారు. నేను కూర్చోకముందే ఒక కాగితం నా మీదికి విసిరారు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన డిశ్చార్జి సారాంశం.

"చదువయ్యా, నాలుగో వరుస చదువు. పైకి చదువు."

చదివాను. పైకి చదవలేకపోయాను. మగవాళ్ళకు మాత్రమే ఉండే ఒక గ్రంథి ఆమెకు మామూలుగానే ఉందని ఆ వరుస చెబుతోంది.

"సిగ్గు పడతావేందయ్యా, రాసినోడికి లేని సిగ్గు నీకెందుకు? నా ప్రోస్టేటు బాగుందంట! ఈ వయసులో అల్లా నాకో కొత్త అవయవం ఇచ్చాడు!" మస్తాన్‌బీ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం మండిపోతున్నారు. "నవ్వండి, నవ్వండి. అప్పుడు అంకమ్మ కూడా నవ్వింది. ఈ కాగితం చూసే గదా రేపు ఇంకో డాక్టరు నాకు మందు రాస్తాడు? ఏ ముసలాడి ఫైలు తెరిచి నా పేరు పెట్టాడో! అడిగితే ఏమన్నాడో తెలుసా ఆ కుర్రడాక్టరు? 'టెంప్లేట్ అమ్మా, అందరికీ అదే వస్తుంది' అన్నాడు. అందరికీ ఒకటే వస్తే ఇందరం ఎందుకు పుట్టామయ్యా?"

ఆయాసంతో ఆగారు. నీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికి ఇస్తూ, "నువ్వన్నా కొత్త కాగితం తెరువు," అన్నారు.

ఇదంతా మనసులో పెట్టుకొని డీటీపీ దుకాణం మెట్ల కింద నిలబడి సుబ్బారావు గారికి ఫోను చేశాను. పత్రం పనికిరాదని చెప్పాను. ఆయన మంచివాడే. నా మాట ముందు అర్థం చేసుకోలేదు, తర్వాత విసుక్కున్నారు.

"ఫుటర్ ఒక్కటే గదండీ, ఆ అమ్మాయి మార్చేస్తుంది. లోపలి మాటలు ఎవరు చదువుతారండీ? ఫొటో చూసి జేబులో పెట్టుకుంటారు."

ఎవరు చదువుతారండీ. ఆ రెండు మాటలను అప్పుడు ఆ యువ అధికారి నోట విన్నాను. ఇన్నేళ్ళ తర్వాత, ఆమె సంతాప పత్రం గురించి మళ్ళీ విన్నాను. "నేను చదువుతాను," అన్నాను. "ఆమె చదివి ఉంటే మన మొహాన కొట్టేవారు."

"అయితే ఏం రాయమంటారు? పోయిన మనిషిని కోపిష్టి అని రాస్తామా? బాగుంటుందా? మంచి మాటలు నాలుగు..."

"ఇవి మంచి మాటలు కావు సుబ్బారావు గారూ. వెంకటరత్నం గారి మాటలు. ఆయనవి ఆయనకు ఉంచండి."

ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సభ మర్నాడే. పాత ఫైలు నా ఫోనులో కూడా ఉంది. సుబ్బారావు గారు పట్టుబట్టి పంపారు, 'దీంట్లోనే సరిచేయండి' అని. దాన్ని తెరవలేదు. ఖాళీ పుట తెరిచాను. అంచులు కుదుర్చుకున్నాను. గులాబీలు, మల్లెలు ఏమీ పెట్టలేదు. మొట్టమొదట పుట అడుగున ఆమె పేరు కొట్టి, అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకున్నాను. తర్వాత పైకి వచ్చి మొదటి వాక్యం రాశాను: 'షేక్ నాగూర్‌బీ గారు కోపిష్టి. ఆ కోపం వల్ల ప్రత్తిపాడు దగ్గరి మిరప రైతులకు న్యాయం జరిగింది, ఆలస్యంగా.' మిగిలినది దాని వెంట వచ్చింది. దూది కాసిన మిరపచెట్టు వచ్చింది. అంకమ్మ వచ్చింది. ఆసుపత్రి కాగితం కూడా రాశాను, మర్యాద తప్పకుండా.

సభలో ఆ కొత్త పత్రమే పంచారు. నేను వెనక వరుసలో కూర్చొని మనుషులను గమనించాను. ఫొటో చూసి మడవబోయిన చేతులు మొదటి వాక్యం దగ్గర ఆగాయి. ఒక మూలనుంచి నవ్వు, ఇంకొక మూలనుంచి నవ్వు. తర్వాత తలలు కాగితం మీదికి వంగాయి. మస్తాన్‌బీ గారికి చదవడం రాదు. పక్కన కూర్చున్న ఆమె మనవరాలు చెవిలో చదివి వినిపించింది. ఆమె మొత్తం విని, కాగితం తీసుకొని, ఎక్కడ ఏముందో తెలియకపోయినా దాని అడుగున వేలు పెట్టి, "ఇక్కడ అక్క పేరుందా?" అని అడిగారు. ఉందని మనవరాలు చెప్పింది. తల ఊపి, మడిచి, బొడ్డున దోపుకున్నారు.

సభ ముగిసి అందరూ లేస్తుంటే సుబ్బారావు గారు నా దగ్గరికి వచ్చి భుజం తట్టారు. "బ్రహ్మాండంగా ఉంది శేషగిరి గారూ. నేనే పొరబడ్డాను. ఆ ఫైలు నాకు కాస్త పంపండి. ఇక ముందు ఎవరికైనా ఇదే వాడుకుందాం. పేరు మార్చుకుంటే సరిపోతుంది."

పంపలేదు. ఇప్పటికి ఎన్నోసార్లు అడిగారు, పంపలేదు. నాకూ వయసు మీద పడింది. కరెంటు బిల్లు మొదలు పెళ్ళి శుభలేఖ దాకా ఏ కాగితం చేతికి వచ్చినా ముందు అడుగు చూస్తాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఆమె నాకు అప్పగించి వెళ్ళిన కోపం ఏమాత్రం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు. రేపు నా వంతు వచ్చినప్పుడు ఎవరో ఆ పాత ఫైలే తెరుస్తారని నాకు తెలుసు. ఆ చెరగని చిరునవ్వు అందులో నా కోసం కాచుకొని కూర్చుంది. ఆ రోజు సభలో ఎవరైనా ఒక్కరు ఆ కాగితం అడుగు చూసి మండిపడితే చాలు.